ప్రళయానికి తేదీ చెప్పేవారిని ఏ మేరకు నమ్మాలి?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. డెబ్బై రెండేళ్ళ మా అత్తగారు కొన్ని నెలలుగా ఫోన్‌లో యుగాంతం వీడియోలే చూస్తున్నారు. బ్రహ్మంగారు చెప్పారు, నోస్ట్రడామస్ చెప్పాడు, బాబా వంగా చెప్పింది, మూడు రోజులు సూర్యుడు కనిపించడట అని రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే మాట. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా బాబు మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు వాడికి సరిగా నిద్ర పట్టడం లేదు. "లోకమే ఉండనప్పుడు ఎంసెట్ ఎందుకమ్మా?" అంటున్నాడు. ఇంతలో ఎవరో ఒకాయన దోష నివారణకు హోమం చేయిస్తానంటే, అత్తగారు తన గాజులు అమ్మి ఆ డబ్బు ఇస్తానంటున్నారు. మావారేమో "పెద్దావిడ, పోనీలే" అంటారు. ఈ జోస్యాలలో ఎంతో కొంత నిజం ఉంటుందా? లేకపోతే వీళ్ళిద్దరితో ఎలా మాట్లాడాలి?

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు సూటిగానే బదులిస్తాను. లోకం ఫలానా రోజున అంతమవుతుందని తేదీ వేసి చెప్పిన జోస్యాలలో గడువు దాటిన ప్రతి ఒక్కటీ అబద్ధమైంది. అయితే ఈ ఒక్క మాటతో మీ అబ్బాయికి నిద్ర పట్టదు. ఇంతవరకు జరగలేదు గనుక ఇక ముందు కూడా జరగదని ఏమిటి అని వాడు అడగవచ్చు, అలా అడగడం న్యాయమే. అందుచేత ఎవరు చెప్పారన్న విషయాన్ని కాసేపు పక్కన పెట్టి, ఎలా చెప్పారో చూడడం మేలు. నమ్మదగిన హెచ్చరిక తన తేదీని, చోటును, ప్రమాదం ఎంతన్న అంచనాను ముందే బయటపెడుతుంది, కొత్త సంగతి తెలిసినప్పుడు తనను తాను సవరించుకుంటుంది, మనం ఏం చేయాలో చెబుతుంది. యుగాంతపు జోస్యానికి సాధారణంగా ఈ మూడు లక్షణాలూ ఉండవు.

మీ అత్తగారి వయసును బట్టి చూస్తే, ఆవిడ ఇప్పటికే రెండు పెద్ద ప్రళయాలు దాటి వచ్చారు. మొదటిది 1962 ఫిబ్రవరి నాటి అష్టగ్రహ కూటమి. ఆ నెల 3 నుంచి 5 వరకు రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులు మకర రాశిలో చేరగా, కేతువు కూడా అక్కడే ఉండడంతో లెక్క ఎనిమిదికి వచ్చింది. పైగా ఆ అమావాస్యకే సూర్యగ్రహణం కూడా పట్టింది. ఇంతవరకు గణితం సక్రమమైనదే, పంచాంగకర్తలను తప్పుపట్టడానికి లేదు. ఆ గణితానికి తగిలించిన ఫలితమే తప్పు. భూమి బద్దలవుతుందని, సముద్రాలు పొంగుతాయని దేశమంతటా ప్రచారం సాగింది. చోటుచోటా యజ్ఞాలు, అఖండ పారాయణలు జరిగాయి. ప్రయాణాలు మానుకున్నవారు ఉన్నారు. ప్రధానమంత్రి నెహ్రూ ఈ భయాన్ని బహిరంగంగానే ఎద్దేవా చేశారు. ఆరో తేదీ మామూలుగానే తెల్లవారింది, అదే నెలలో సార్వత్రిక ఎన్నికలు కూడా జరిగాయి.

ఆ ఏడాది అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, అదంతా అష్టగ్రహ కూటమి ఫలితమేనన్నవారు లేకపోలేదు. ఇక్కడ కాస్త ఆగి చూడండి. ముందు చెప్పింది ఆ మూడు రోజుల్లో ప్రళయమని, తరువాత చూపించింది ఎనిమిది నెలలకు వచ్చిన సరిహద్దు యుద్ధాన్ని. మాటను ఇంత సాగదీసే వెసులుబాటు ఉంటే తప్పిపోయే జోస్యమంటూ ఏదీ ఉండదు, ఎందుకంటే ఈ ప్రపంచంలో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట యుద్ధమో, వరదో, భూకంపమో ఉంటూనే ఉంటుంది. ఇక గ్రహాలు ఒక వైపు చేరితే సముద్రాలను లాగేస్తాయన్న వాదాన్ని మీ అబ్బాయి తన భౌతికశాస్త్రంతోనే పరీక్షించుకోవచ్చు. శుక్రుడు భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు సైతం మన సముద్రాల మీద చూపే పోటు బలం, చంద్రుడు చూపే దానిలో పదివేలో వంతు కూడా ఉండదు. మిగిలిన గ్రహాలది అంతకంటే తక్కువ.

రెండోది 1979 జూలై నాటి స్కైలాబ్. దీన్ని ప్రత్యేకంగా ఎత్తడానికి కారణం ఉంది. ఇది కట్టుకథ కాదు, నిజమైన ప్రమాదమే. అమెరికా 1973లో అంతరిక్షంలోకి పంపిన సుమారు 77 టన్నుల ప్రయోగశాల అదుపు తప్పి కిందికి దిగుతోందన్నది వాస్తవం. దాని ముక్క ఏదైనా ప్రపంచంలో ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటని నాసా లెక్కగట్టి ప్రకటించింది. ఫలానా మనిషికే తగిలే అవకాశం లెక్కపెట్టడానికి కూడా పనికిరానంత చిన్నది. మన పల్లెలకు చేరేసరికి ఆ అంకె ఎక్కడో రాలిపోయింది, "పడుతోంది" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఎలాగూ పోతున్నామన్న తెగింపుతో మేకలను, కోళ్ళను కోసుకొని తిన్న ఇళ్ళున్నాయి, అప్పు చేసి మరీ తిన్నవారున్నారు, దూరాన ఉన్న పిల్లలను పిలిపించుకొని ఒకచోట కూర్చున్న కుటుంబాలున్నాయి. జూలై 11 రాత్రి, మన వేళల ప్రకారం పది గంటల ప్రాంతంలో, అది హిందూ మహాసముద్రం మీదుగా ముక్కలై పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ పరిసరాల్లో రాలింది. ఎవరికీ గాయం కాలేదు. తమ ఊళ్ళో చెత్త వేసినందుకు ఆ ఊరి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది కూడా. ఆనాడు మీ అత్తగారికి పాతికేళ్ళుంటాయి, తప్పకుండా గుర్తుండే ఉంటుంది.

ఇక బ్రహ్మంగారి సంగతి. దీన్ని నోస్ట్రడామస్‌తో కలిపి మాట్లాడడం నాకిష్టం లేదు, మీరు కూడా అలా మాట్లాడవద్దు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పదిహేడో శతాబ్దపు యోగి, కడప జిల్లా కందిమల్లాయపల్లెలో ఆయన సజీవ సమాధి ఉంది. దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్యను ప్రియశిష్యుడిగా స్వీకరించి కులమత భేదాలను కాదన్న మహనీయుడిగా లక్షల కుటుంబాలు ఆయనను కొలుస్తాయి. ఆ భక్తిని ఎగతాళి చేసిన మరుక్షణం మీ అత్తగారు మీ మాట వినడం మానేస్తారు. మీరు ప్రశ్నించవలసింది ఆయనను కాదు, ఆయన పేరు పెట్టుకొని వీడియోలు అమ్ముకుంటున్నవారిని.

కాలజ్ఞానం పేరుతో మన చేతికి వచ్చినది ఒక్క గ్రంథం కాదు. పాటలుగా, తత్వాలుగా, తాటాకు ప్రతులుగా, ఆ తరువాత అచ్చు పుస్తకాలుగా ఎన్నో పాఠాలు ప్రచారంలో ఉన్నాయి, ఒకదానిలో ఉన్న మాట ఇంకొకదానిలో కనబడదు. బనగానపల్లెలో చింతచెట్టు కింద పాతరలో ఉన్నాయని చెప్పుకొనే తాళపత్రాలను ఈ వీడియోల వారెవరూ తీసి చదివినది లేదు. పోనీ, అందరూ ఒప్పుకొనే మాటలనే తీసుకుందాం. కృష్ణమ్మ పొంగి బెజవాడ కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందన్నారు. యాగంటి బసవన్న పెరిగి పెరిగి చివరకు రంకె వేస్తాడన్నారు. వీటిలో దేనికీ తేదీ లేదు. కలిలో ఐదువేల ఏళ్ళు గడిచాక వీరభోగ వసంతరాయలుగా వస్తానన్న మాట ఉంది, కానీ ఆ ఐదువేల ఏళ్ళు 1899 నాటికే నిండాయి, "గడిచాక" అన్నదానికి పై హద్దు లేదు. ఎక్కడైనా ఫలానా నామ సంవత్సరంలో అని ఉన్నా, ప్రభవ నుంచి అక్షయ వరకు ఆ అరవై పేర్లూ అరవై ఏళ్ళకొకసారి తిరిగి వచ్చేవే. ఈసారి జరగకపోతే వచ్చే ఆవృత్తిలో అనుకోవడానికి ఎప్పుడూ చోటు ఉంటుంది.

2020లో కరోనా ముదిరిన రోజుల్లో "ఈశాన్య దిక్కున విషగాలి పుట్టేను" అని, "కోరంకి యను జబ్బు" అని సాగే పంక్తులు తెలుగువారి ఫోన్లన్నిటికీ చేరాయి, బహుశా మీకూ వచ్చే ఉంటాయి. 2019 డిసెంబరులో ఆ పంక్తులు చదివి, వచ్చే ఏడాదికి మాస్కులు, ఆక్సిజన్ సిలిండర్లు సిద్ధం చేసుకోండని చెప్పినవారు మాత్రం కనబడరు. జరిగిన తరువాత దొరికే జోస్యం వల్ల ఒక్క ప్రాణమైనా నిలవదు.

మీ అత్తగారితో మాట్లాడడానికి భౌతికశాస్త్రం కంటే ఆవిడకు తెలిసిన లెక్కే బాగా పనికి వస్తుంది. ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడల్లా పురోహితుడు చెప్పించే సంకల్పంలో "కలియుగే ప్రథమ పాదే" అని వస్తుంది. పంచాంగాల ప్రకారం కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలు. అది క్రీ.పూ. 3102లో మొదలైందని గణన, అంటే గడిచినవి ఐదువేల పైచిలుకు మాత్రమే. మొదటి పాదం, అంటే అందులో నాలుగో వంతు, ముగియడానికే ఇంకా లక్ష సంవత్సరాలకు పైగా ఉంది. దీన్ని నేను శాస్త్రీయ ప్రమాణంగా చెప్పడం లేదు. ఆవిడ నమ్మే సంప్రదాయమే రేపో మాపో ప్రళయమని అనడం లేదని మాత్రం చెబుతున్నాను.

విదేశీ ప్రవక్తల గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. నోస్ట్రడామస్ పదహారో శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు, అతని పద్యాలు ఎటు తిప్పితే అటు తిరిగేంత మసకగా ఉంటాయి. నెలా సంవత్సరమూ స్పష్టంగా ఉన్న అరుదైన పద్యాలలో ఒకటి 1999 ఏడో నెలలో ఆకాశం నుంచి మహా భయంకరుడైన రాజు దిగివస్తాడంటుంది, ఆ నెల ఎవరూ దిగకుండానే గడిచిపోయింది. బల్గేరియాకు చెందిన బాబా వంగా 1996లో మరణించింది. బాల్యంలోనే చూపు పోయిన ఆమె స్వయంగా రాసి ఉంచిన జోస్యాల పుస్తకం లేదు, ఏటా డిసెంబరులో ఆమె పేరిట వచ్చే కొత్త సంవత్సరపు జాబితాలు ఇతరులు అంటగట్టినవి. 2012 డిసెంబరు 21తో లోకం ఆఖరని మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా నాగరికత చెప్పిందన్నారు, నిజానికి ఆ రోజు దీర్ఘ గణన అనే వారి కాలమానంలో ఒక పెద్ద ఆవృత్తి నిండింది, అంతే. పాలెంకే అనే తమ నగరంలోని శాసనంలో వారే క్రీ.శ. 4772 నాటి ఒక తేదీని కూడా చెక్కి ఉంచారు.

మూడు రోజుల చీకటి మాట ఎలా పుడుతుందో చూడడానికి ఈమధ్యదే ఒక ఉదాహరణ ఉంది. 2025 ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందని విస్తృతంగా ప్రచారం జరిగింది. ఆ రోజు అసలు గ్రహణమే లేదు. ఉన్నది 2027 ఆగస్టు 2న. దక్షిణ స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, అరేబియాల మీదుగా సాగే ఆ సంపూర్ణ సూర్యగ్రహణంలో ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగుపడతాడు. ఎవరో సంవత్సరం మార్చారు, "లక్సర్ దగ్గర" అన్నదాన్ని "ప్రపంచమంతా" చేశారు, మిగిలిన పని వాట్సాప్ చూసుకుంది. ఏ సంపూర్ణ గ్రహణమైనా ఒక చోట ఏడున్నర నిమిషాలకు మించి ఉండదు. ఇక మూడు రోజుల పాటు సూర్యుణ్ణి దాచి ఉంచగలిగే వస్తువేదీ మన ఆకాశంలో లేదు.

ఇప్పుడు నిజమైన హెచ్చరిక ఎలా ఉంటుందో చూద్దాం. గోదావరి జిల్లాల వారికి తుపాను సంగతి నేను చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు పదివేల మంది పోయారు. ఏ జోస్యమూ ముందురోజు వారిని మెట్టకు చేర్చలేదు. 2014లో హుద్‌హుద్ వస్తున్నప్పుడు వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందుగానే అక్టోబరు 12న విశాఖ తీరమని చెప్పింది, బులెటిన్ తరువాత బులెటిన్ గాలి వేగాన్ని, తీరం దాటే చోటును సవరించుకుంటూ వచ్చింది, తీరప్రాంతాలను ఖాళీ చేయించారు. ఆస్తినష్టం అపారం, కానీ రాష్ట్రంలో మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. "మొన్న ఒకలా చెప్పారు, ఇవాళ ఇంకోలా చెబుతున్నారు" అని మనం వాతావరణ శాఖను వెక్కిరిస్తాం గానీ, ఆ సవరణే దాన్ని నమ్మడానికి కారణం.

ఆకాశం నుంచి వచ్చే ప్రమాదాల విషయంలోనూ ఇంతే. 2024 డిసెంబరు చివర కనుగొన్న ఒక గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగింది. శాస్త్రవేత్తలు ఆ అంకెను దాచలేదు. మరికొన్ని పరిశీలనలు చేతికి రాగానే, వారం తిరగకుండానే అది దాదాపు సున్నాకు పడిపోయింది, ఆ సంగతీ అంతే బాహాటంగా చెప్పారు. అపోఫిస్ అనే మరో శకలం గురించి మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి. 2029 ఏప్రిల్ 13న అది భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో, అంటే మన టీవీ ఉపగ్రహాల కక్ష్య కంటే దగ్గరగా, సాగిపోతుంది. కనీసం వంద సంవత్సరాల వరకు అది భూమిని తాకే అవకాశం లేదని 2021లోనే తేల్చారు. పదమూడో తేదీ శుక్రవారం పడితే అపశకునమని పాశ్చాత్యుల నమ్మకం, ఆ రోజు సరిగ్గా అదే కావడంతో, 2028 చివరి నుంచే వీడియోలు హోరెత్తుతాయని నేను కూడా ఒక జోస్యం చెప్పగలను.

హోమం విషయంలో మీవారితో నేను ఏకీభవించలేను. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో ప్రబోధకుడు 1994 సెప్టెంబరు అని ఒకసారి చెప్పి, అది తప్పిపోయాక 2011 మే 21 అన్నారు. న్యూయార్కులో రిటైరైన ఒక రవాణా ఉద్యోగి తాను దాచుకున్న 1,40,000 డాలర్లు ఆ ప్రచారానికి ఖర్చుపెట్టి, చెప్పిన వేళకు టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి ఎదురుచూశాడు. సాయంత్రం ఆరు దాటింది, ఏమీ జరగలేదు, అతడు తెల్లబోయి నిలుచున్నాడు. క్యాంపింగ్ తేదీని అక్టోబరు 21కి జరిపారు, అదీ గడిచిపోయాక 2012 మార్చిలో తాను తేదీ చెప్పడమే పాపమని ఒప్పుకున్నారు. ఒప్పుకోలుతో ఆ ఉద్యోగి సొమ్ము తిరిగి రాలేదు. గాజులు మీ అత్తగారివి, వాటిని ఏం చేసుకోవాలన్నది ఆవిడ హక్కే. అయితే లోకం అంతమైపోతుందని చెబుతున్న ఆయనకు ఆ డబ్బు ఎందుకో ఒక్కసారి ఆవిడ చేతనే అడిగించండి. నిజంగా మనశ్శాంతి కోసమే అయితే, మీరు ఎప్పుడూ వెళ్ళే గుడిలో టికెట్టు తీసుకొని అర్చనో హోమమో చేయించండి, మీరూ పక్కన కూర్చోండి. భయపెట్టి డబ్బు అడిగేవారికి మాత్రం పైసా ఇవ్వనివ్వవద్దు.

ఆవిడ ఫోన్ లాక్కోవద్దు. డెబ్బై దాటిన మనిషికి పగలంతా ఆ ఫోనే తోడు. ఒక వీడియో చూస్తే అలాంటివే మరో పది వచ్చి పడతాయన్నది ఆవిడకు తెలియకపోవచ్చు. పక్కన కూర్చొని పాత చూపుల చరిత్రను చెరిపివేసి, అలాంటివి మళ్ళీ వచ్చినప్పుడు ఆసక్తి లేదని నొక్కడం నేర్పండి, ఆవిడకు నచ్చే ప్రవచనాలో పాత పాటలో వెతికి పెట్టండి. వారం పది రోజుల్లో ఆ ఫోన్‌లో కనిపించేవి చాలావరకు మారతాయి. స్కైలాబ్ రోజుల్లో మీ ఊళ్ళో ఏం జరిగిందో మనవడికి చెప్పమని భోజనాల దగ్గర అడగండి. చెప్పడం మొదలుపెడితే ఆవిడే నవ్వుతారని నా నమ్మకం. ఆ నవ్వు మీ అబ్బాయి మీద నా వ్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

అబ్బాయి మాటను మాత్రం తేలిగ్గా తీసివేయకండి. పరీక్షలు దగ్గరపడుతున్న పిల్లలకు లోకమే ముగుస్తుందన్న ఊహ ఒక విధమైన సాకుగా కూడా దొరుకుతుంది. వాడి భయం యుగాంతం గురించేనా, ఎంసెట్ గురించా అన్నది మెల్లగా, మందలించకుండా కనుక్కోండి. రెండోదే అయితే ప్రళయం మీద వాదించడం వృథా, చదువు దగ్గర కూర్చోవాలి. రాత్రి పడుకునే గదిలో ఫోన్ లేకుండా చూడండి. రెండు మూడు వారాలు గడిచినా నిద్ర కుదుటపడకపోయినా, తిండి, చదువు రెండూ తగ్గినా మానసిక వైద్యుడికి చూపించండి. అంతవరకు ఆగలేకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.